ఐరన్ లెగ్ అన్నారు భూలక్ష్మిని

భూలక్ష్మి గెలిచిన మొదటి గెలుపు పేరు ‘వరస’. ఊరికే వచ్చిన గెలుపు కాదది. ఒక వర్షాకాలమంతా కూర్చుని, కొట్టింది కొట్టేసి, రాసింది చెరిపేసి, కళ్లు మంటలెత్తేదాకా పోట్లాడి గెలిచింది.

ఫిల్మ్ నగర్‌లో వెంకటేశ్వరరావుగారి గ్రాఫిక్స్ స్టూడియో అని ఒకటుంది. సినిమాలో పాము పడగ విప్పాలంటే తెర మీద అది రెప్పపాటు పని. ఆ రెప్పపాటు కోసం కంప్యూటర్లు వందల బొమ్మలు ఒక్కొక్కటే గీసుకోవాలి. వరస రాకముందు ఏ కంప్యూటర్ ఏ బొమ్మ గీయాలో మనుషులే చెప్పేవారు. పెన్‌డ్రైవ్‌లు జేబులో వేసుకుని ఈ గదిలోంచి ఆ గదికి పరిగెత్తేవారు. ఒక మిషను గీసిందే ఇంకో మిషను గీసేది. మధ్యలో నాలుగు బొమ్మలు ఎవరూ గీయక, తీరా తెర మీద చూస్తే పాముకు ఎక్కిళ్లు వచ్చినట్టుండేది. భూలక్ష్మి పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఒక ప్రోగ్రాం రాసి, దానికి వరస అని పేరు పెట్టింది. ఖాళీగా ఉన్న మిషనును అదే వెతుక్కుంటుంది, అదే పని అప్పజెబుతుంది, చేసిన పనిని అదే లెక్క చూసుకుంటుంది. పాముకు ఎక్కిళ్లు ఆగిపోయాయి.

అప్పటికి ఆమెకు ఇరవై ఆరేళ్లు. బోరబండ సర్కారు బడిలో చదివి పదో తరగతి లెక్కల్లో తొంభై ఎనిమిది తెచ్చుకుంది. ఎంసీఏ డిస్టింక్షన్‌లో ప్యాసయింది. అమీర్‌పేటలో, నిలబడటానికి చోటులేని కోచింగ్ హాల్లో, వెనక గోడకు ఆనుకుని నేర్చుకున్న చదువుతో మాదాపూర్ కంపెనీలు రెండు పిలిచి ఉద్యోగం ఇస్తామన్నాయి. రెండింటినీ కాదంది. ఆమె తండ్రి రాములు ముప్పై ఏళ్లుగా ఫిల్మ్ నగర్ సెట్లలో వడ్రంగి. ఆయన కట్టిన కోటలు ఎన్నో, రాజమహళ్లు ఎన్నో. షూటింగ్ అయిపోగానే అన్నీ పీకేసి లారీల్లో పడేశారు. ఆ కొండ మీదనే పీకేయడానికి వీల్లేనిది ఒకటి కట్టాలని కూతురి పంతం. కట్టింది కూడా.

ఇవన్నీ ఇక్కడ వరసబెట్టి చెప్పడం ఎందుకంటే, ఆ తర్వాత ఆ స్టూడియోలో ఆమెకు పెట్టిన పేరు వినేముందు, ఆమె ఎవరో తెలిసి ఉండాలి.

వరస నడిచిన రెండేళ్లకు, బెంగళూరు నుంచి శ్రీకృష్ణ అనే అతన్ని సూపర్‌వైజర్‌గా తెచ్చుకున్నారు రావుగారు. మంచి చొక్కాలు వేస్తాడు. మాట్లాడేటప్పుడు చేతులు గాల్లో తిప్పుతాడు. వచ్చిన నెలకే టీవీవాళ్లను పిలిపించి, “మేము డెవలప్ చేసిన సిస్టం” అని ఇంటర్వ్యూ ఇచ్చాడు. వెనక నడుస్తున్నది భూలక్ష్మి వరస. భూలక్ష్మి ఆ పక్క గదిలోనే కూర్చుని ఉంది. ‘మేము’ అన్న మాటలో తాను ఉన్నదో లేదో ఆమె అడగలేదు. అది ప్రసారమైన రోజు టీవీ కట్టేసి, మంచినీళ్లతో నోరు పుక్కిలించి ఉమ్మేసి వచ్చింది.

శ్రీకృష్ణ వరసకు చేసిన సేవ ఒక్కటే, దాని మీద ఒక ముసుగు తొడిగాడు. ఏదైనా తప్పు జరిగితే పైథాన్ ఏ ఫైల్లో, ఏ లైన్లో, ఏం తప్పో ఎర్ర అక్షరాల్లో చెబుతుంది. నిజానికి అంత మంచి గుణం మనుషుల్లో కూడా ఉండదు. ఆ ఎర్ర అక్షరాలు నిర్మాతల కంట్లో పడితే అరిష్టంలా ఉంటుందని శ్రీకృష్ణ వాటి నోరు నొక్కేశాడు. లోపల ఏం జరిగినా సరే, వరస ఫైలే (దాన్నే మాడ్యూల్ అంటారు) లేదన్నట్టు, బయటికి నీలం రంగు డబ్బాలో ఒకటే మాట వచ్చేలా పెట్టాడు: ‘వరస మాడ్యూల్ దొరకలేదు. భూలక్ష్మిని సంప్రదించండి.’

“దొరకకపోవుడు వేరు, దొరికి చెడిపోవుడు వేరు సార్,” అంది భూలక్ష్మి అప్పుడే. “రెంటికీ ఒకటే మాట పెడితే రేపు దేనికి ఏడ్వాల్నో ఎట్ల తెలుస్తది?”

“నీ పేరు తెర మీద వేశాను కదమ్మా. అందరికీ అదే కావాలి ఇక్కడ,” అని నవ్వాడతను.

రెండు వేల పది దసరా వచ్చింది. వచ్చే వేసవిలో విడుదల కావలసిన పాము సినిమాకు దీపావళికి ట్రైలర్ ఇవ్వాలి. సద్దుల బతుకమ్మకు, పండక్కి కలిపి సెలవు అడిగింది భూలక్ష్మి.

“ట్రైలర్ నెత్తి మీద ఉంటే పువ్వులు పేర్చుకుంటానంటే ఎట్లాగమ్మా?” అన్నాడు శ్రీకృష్ణ.

“ఆయుధపూజకు మీరు కీబోర్డుల మీద పెడ్తరు, నేను తాంబాలంల పెడ్త. రెండూ పువ్వులే కదా సార్,” అని చెప్పి వెళ్లిపోయింది. అతను సరే అనలేదు, వద్దని కూడా అనలేదు. ఆ మాటను లోపల దాచుకున్నాడు.

పండగ మర్నాడు సోమవారం స్టూడియో గేటు దగ్గరికి రాగానే ఆమె ముక్కు మూసుకుంది. దిష్టి తీసి పగలగొట్టిన గుమ్మడికాయ ముక్కలు ఎండకు మురిగి, ఈగలు ముసిరి ఉన్నాయి. లోపల మొన్న నవమినాడు చేసిన ఆయుధపూజ ఆనవాళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. కీబోర్డు మీటల సందుల్లో కుంకుమ బురదలా ఇరుక్కుంది. మౌసుల మీద కొబ్బరినీళ్లు ఎండి జిగురుగా తగులుతున్నాయి. ఒక మానిటర్ మీద పెట్టిన అరటిపండు నల్లబడి తెర మీదికి కారుతోంది. ప్రతి తెర మీదా అదే నీలం డబ్బా. ‘వరస మాడ్యూల్ దొరకలేదు. భూలక్ష్మిని సంప్రదించండి.’

హాల్లో మనుషులు ఆమెను చూసి తప్పుకున్నారు. బొమ్మలు కదిలించే హిమజ ఒక్కతే దగ్గరికి వచ్చి చెవిలో చెప్పింది.

“అక్కా, ఆయుధపూజనాడు సాయంత్రం నుంచి గిదే కథ. నువ్వు లీవ్ మీద కోపంతోని ఫైల్ డిలీట్ చేసి పోయినవని శ్రీకృష్ణ సార్ అంటున్నడు.”

“రావుగారు ఏమన్నరు?”

హిమజ నేల చూపులు చూసింది. “డిలీట్ చేసిందో లేదో నాకెందుకు, ఆ పిల్ల పాదమే మంచిది కాదు అన్నరు. ఐరన్ లెగ్ అన్నరు.”

బయటివాళ్లకు ఇది చిన్న మాటలా కనిపిస్తుంది. ఆ కొండ మీద బతికేవాళ్లకే తెలుసు దాని బరువు. ఫైలు చెడగొట్టిందంటే ఒక ఉద్యోగం పోతుంది, ఇంకోచోట ఇంకోటి దొరుకుతుంది. ఐరన్ లెగ్ అని ఒకసారి పేరు పడిందా, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి ఫిల్మ్ నగర్ దాకా ఏ గేటూ తెరుచుకోదు. అది అబద్ధమని నిరూపించడానికి కూడా వీలుండదు. పాదం మంచిదని ఎవరు ఏ కాగితం ఇస్తారు? పైగా ఆ మాట ఇంటిల్లిపాదికీ అంటుకుంటుంది. మధ్యాహ్నానికల్లా యూసుఫ్‌గూడ టీ కొట్ల దాకా పాకింది. ఒక సెట్ కాంట్రాక్టర్ రాములును పిలిచి, “నాలుగు రోజులు ఇంటికాడ ఉండు మామా, సినిమా ముహూర్తం ఉన్నది,” అన్నాడు. ముప్పై ఏళ్లుగా అక్కడ వడ్రంగం చేసిన రాములు ఉలి సంచీ భుజాన వేసుకుని బస్సెక్కాడు.

ఇంతకీ ఆ రెండు రోజులూ స్టూడియోవాళ్లు చేసిన వైద్యం ఏమిటంటారా? మాడ్యూల్ లేదని డబ్బా చెప్పింది, నమ్మారు. ఉందో లేదో ఒక్కరూ వెళ్లి చూడలేదు. పైథాన్‌ను తీసేసి మళ్లీ ఎక్కించారు. మళ్లీ తీసేసి మళ్లీ ఎక్కించారు. పాత డిస్కులో ఉన్న వరసను తెచ్చి, అది ఎక్కడ ఉండాలో తెలియక ఒకరి డెస్క్‌టాప్ మీద పెట్టి, ఎందుకు పలకడం లేదని దాన్నే తిట్టారు. వాస్తు చూసే ఆయన్ని పిలిపిస్తే, సర్వర్ ఆగ్నేయంలో ఉండి మండిపోతోంది, ఈశాన్యానికి జరపమన్నాడు. జరిపారు. దానికి నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చి వేలాడదీశారు. పెద్ద చదువులు చదివినవాళ్లు ఇరవై మంది, దండ వేసిన సర్వర్ చుట్టూ చేతులు కట్టుకుని నిలబడ్డారు.

భూలక్ష్మి తిన్నగా సర్వర్ గదికి వెళ్లింది. గుమ్మం దగ్గర ప్రొడక్షన్ మేనేజర్ సుబ్బరామయ్య అడ్డం నిలబడ్డాడు. కాకినాడ వైపు మనిషి, పెద్దాయన, చెడ్డవాడు కాదు. ఆమె ముఖం చూడలేక తలుపు గొళ్లెం చూస్తూ అన్నాడు.

“అమ్మా, నువ్వు గడప దాటకూడదన్నారమ్మా అయ్యగారు. మిషన్లు ముట్టుకోవద్దన్నారు. సాయంత్రం శాంతి చేయిస్తారుట, అప్పటిదాకా.”

“నేను రాసిన దాన్ని నేను ముట్టొద్దా?”

“నన్నేం చేయమంటావు చెప్పమ్మా. నేను చెప్పింది చేసేవాణ్ని.”

ఆమెకు వచ్చింది కోపం కాదు. పాలలో బల్లి పడినట్టు, గ్లాసు ఎత్తబోయి చూసినట్టు, ఒళ్లంతా రోత పుట్టింది. వెళ్లిపోవచ్చు. కానీ వెళ్లిపోతే ఆ పేరు కూడా వెంట వస్తుంది, తండ్రి సంచీ గూటికే పరిమితమవుతుంది. చెప్పులు విడిచి, గడప ఇవతల నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

“సరే బాబాయ్‌గారు, దాటను, ముట్టను. హిమజా, నువ్వు పోయి కూర్చో. నేను చెప్త, నువ్వు కొట్టు.”

హిమజ సర్వర్ ముందు కూర్చుంది. హాల్లో వాళ్లు ఒక్కొక్కరే చేరారు. శ్రీకృష్ణ గోడకు ఆనుకుని, “ఇదొక షో,” అన్నాడు పక్కవాడితో.

“చూడు హిమజా. పేరు పెట్టి పిలిస్తే పలకలేదనుకో, రెండే కారణాలు. మనిషి ఇంట్ల లేకనన్న ఉండాలె, ఇంట్లనే ఉండి నోరు లేవకనన్న ఉండాలె. ముందు ఇంట్ల ఉన్నదా చూడు. టూల్స్ ఫోల్డర్ తెరువు.”

“తెరిచిన.”

“వరస ఉన్నదా?”

హిమజ తెర మీదికి వంగింది. “ఉన్నదక్కా. గీడనే ఉన్నది.”

హాల్లో వాళ్లు గడప దగ్గరికి జరిగారు. డిలీట్ అయిపోయిందన్న ఫైలు ఉన్నచోటే ఉంది. శ్రీకృష్ణ గొంతు సవరించుకుని, “ఉంటే ఉండొచ్చు, కరప్ట్ చేసి ఉంటుంది,” అన్నాడు.

“ఆగండి సార్, తొందరేముంది. హిమజా, పైన సార్ తొడిగిన ముసుగు వదిలెయ్. వరసను ఒక్కదాన్నే నడిపించు. అది ఏమంటదో దాని నోటితోని అననీ.”

హిమజ మీట నొక్కింది. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఎన్నాళ్లుగానో నోరు నొక్కిన నిజం ఒక్కసారి బయటపడ్డట్టు చకచకా వచ్చాయి. హిమజ చదివింది. చదువుతూ చదువుతూ ఆమె గొంతు మారిపోయింది.

“నేమ్ ఎర్రర్ అంటున్నదక్కా. మొదటి లైన్ల ఒక పేరున్నదట, ఆ పేరెవరిదో నాకు ఎవరూ చెప్పలే అంటున్నది.”

“ఏం పేరు?”

“శ్రీరామ.”

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి ముందు అందరి కళ్లూ రావుగారి క్యాబిన్ వైపు తిరిగాయి.

జరిగింది ఇది. ఆయుధపూజ అయ్యాక పురోహితుడు, “మొదటి అక్షరం తమరి చేతి మీదుగా పడాలి,” అన్నాడు. రావుగారు ఉత్తరం రాసినా, చీటీ రాసినా, పైన శ్రీరామ పెట్టనిదే కలం కదపని మనిషి. “అన్నిటికీ తల్లి ఫైలు ఏది?” అని అడిగారు. శ్రీకృష్ణ వరసను తెరిచి ముందు పెట్టాడు. రావుగారు మొట్టమొదటి లైన్లో, ఇంగ్లిషు అక్షరాల్లో, ఒకటే పదంగా శ్రీరామ అని కొట్టారు. శ్రీకృష్ణ స్వహస్తాలతో సేవ్ చేశాడు. అందరూ అక్షింతలు వేశారు. మిషనుకు భక్తి ఏం తెలుసు? దానికి ఎదురైన ప్రతి మాటా ఒక ఆజ్ఞ. శ్రీరామ అంటే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు గనక అక్కడే ఆగిపోయింది. వరస ఆగితే దాన్ని పిలిచే ప్రోగ్రాములన్నీ ఆగిపోయాయి. ముసుగు మాత్రం మాడ్యూల్ దొరకలేదని, భూలక్ష్మిని అడగమని చెబుతూ కూర్చుంది.

“ఆ లైన్ ముంగట ఒక హాష్ గుర్తు పెట్టు హిమజా,” అంది భూలక్ష్మి. “గా గుర్తు పెడితే, ఇది నీకు కాదు, మనుషులు చదువుకునేది అని మిషనుకు చెప్పినట్టు. తీసెయ్యకు. మళ్ల రాముని పేరు కొట్టేసిందని అంటరు.”

హిమజ గుర్తు పెట్టింది. మిషన్లన్నీ ఒక్కసారి బరువుగా ఊపిరి పీల్చుకున్నట్టు ఫ్యాన్లు తిరిగాయి. పాము పడగ విప్పడం మొదలుపెట్టింది. శ్రీకృష్ణ ఎవరిదో ఫోను వచ్చినట్టు చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు.

కాసేపటికి రావుగారు క్యాబిన్‌లోకి పిలిచారు. గడప దాటొచ్చన్నారు. ఆయన ముందు జీడిపప్పు పలుకుల పళ్లెం ఉంది. ఒకటి తీసుకోమన్నట్టు జరిపారు.

“అమ్మాయ్, తెలివైనదానివే. కానీ చూడు, రాముడి పేరు రాస్తే పని ఆగిపోయిందని బయటికి పొక్కితే ఎంత అప్రదిష్ట? నిర్మాతలు నా మొహం చూస్తారా? నువ్వే ఏదో మరచిపోయావు, వచ్చి సరిచేశావు అనుకుందాం. ఎవరికీ నష్టం లేదు.”

“మరి ఐరన్ లెగ్ అన్న మాట సార్?”

“ఆ, ఏదో అనేశాను. నాలుగు రోజులు పోతే అందరూ మరచిపోతారు.”

“మా నాయినకు పని ఇచ్చేటోళ్లు మరవలే. ఇంటికి పొమ్మన్నరని ఇప్పుడే ఫోను వచ్చింది.”

“జీతం పెంచుతాను, సరేనా?”

పళ్లెంలో జీడిపప్పుల మీద కూడా కాస్త కుంకుమ రాలి ఉంది. ఆమె చూపు అక్కడే ఆగింది. “రాముని తప్పు ఏం లేదు సార్. మీ తప్పు కూడ పెద్దది కాదు, తెల్వక రాసిన్రు. తెలిసినంక గూడ నా మీదనే పెడ్తున్నరు చూడుండ్రి, గది నాకు మింగుడు పడ్తలేదు. హాల్ల అన్న మాట హాల్లనే వాపసు తీసుకోండ్రి. గప్పుడు పని చేస్త.”

“ఇంత చిన్నదానికి నన్ను నలుగురిలో చెప్పమంటావా?”

“నన్ను నలుగుర్లనే అన్నరు కదా సార్.”

ఆయన పళ్లెం వెనక్కి లాక్కున్నారు. ఆమె సంచీ తీసుకుని బయటికి వచ్చింది. గేటు దగ్గర గుమ్మడికాయ ముక్కలు ఇంకా ఎవరూ ఎత్తలేదు.

వారం తిరక్కుండానే చెన్నైలో ఒక గ్రాఫిక్స్ కంపెనీ ఆమెను సంవత్సరాంతం దాకా కాంట్రాక్టు మీద తీసుకుంది. అక్కడ చేసింది కూడా చెప్పుకోదగ్గదే. ఏ ప్రోగ్రాం ఆగినా, తప్పు ఎక్కడుందో తప్పే చెప్పేటట్టు వాళ్ల పనిముట్లన్నీ తిరగరాసింది. ముసుగులన్నీ పీకేసింది. వాళ్లు ఉండిపొమ్మన్నారు. కానీ బోరబండలో రాములు ఉలి సంచీ గూట్లోనే ఉంది. ఆమె ఎంత దూరం పోయినా ఆ పేరు ఇంటి గుమ్మంలోనే కూర్చుని ఉంది.

దీపావళికి ట్రైలర్ వచ్చింది, బాగుందన్నారు. ఆ ఊపులో రావుగారు కొత్త మిషన్లు కొన్నారు. పాతవాటిలోంచి ఫోల్డర్లు కాపీ చేశాడు శ్రీకృష్ణ. కొత్త మిషన్లకు వరస ఎక్కడుందో తెలియదు, ఎక్కడ వెతకాలో చెప్పినవాళ్లు లేరు. మళ్లీ నీలం డబ్బా. ఈసారి డబ్బా చెప్పింది నిజమే. నిజంగానే దొరకలేదు. కానీ రెండింటికీ ఒకటే మాట పెట్టుకున్నవాడికి తేడా ఎలా తెలుస్తుంది? అతను మొదటి లైన్లో శ్రీరామ కోసం వెతికాడు. దొరికిన శ్రీరామను వదిలి, దాని ముందున్న హాష్ గుర్తు కొట్టేశాడు. అంతకుముందు నడుస్తున్న పాత మిషన్లు కూడా ఆగిపోయాయి.

డిసెంబరులో ఒక ఉదయం సుబ్బరామయ్య స్టూడియో కారులో యాపిల్ పళ్ల బుట్టతో బోరబండ ఎక్కాడు. భూలక్ష్మి తల్లి కొమురమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

“రాండ్రి అన్నా, కూసోండ్రి,” అంది. “గడపల కాలు జర చూసి పెట్టుండ్రి. ఇనుప కాలు మనిషి తిరిగిన జాగ ఇది.”

“అట్లా అనకు చెల్లెమ్మా. నేను అన్న మాట కాదది.”

“మీరన్నరని నేను అన్ననా? అన్నోళ్ల పండ్లు మీరు మోసుకొచ్చిన్రు, గంతే. మా ఇంట్ల పండ్లకు కొదవ లేదు. మా మొగాయనకు పనికే కొదవ.”

రాములు లోపల్నుంచి వచ్చి, ఏమీ అనకుండా సుబ్బరామయ్యకు మంచినీళ్లిచ్చాడు. సుబ్బరామయ్య సగం తాగి చెంబు పట్టుకునే కూర్చున్నాడు. తర్వాత అన్నాడు, “అమ్మాయికి ఒకసారి ఫోను కలుపు చెల్లెమ్మా. అయ్యగారు ఏమన్నా ఒప్పుకునేట్టున్నారు.”

కొమురమ్మ స్పీకర్ పెట్టి ఫోను కలిపింది, భూలక్ష్మి మొత్తం విన్నది. “బాబాయ్‌గారు, మొదటిది, హాల్ల అందరి ముంగట చెప్పాలె. హిమజ ఫోను పట్టుకుంటది, నేను వింట. రెండోది, గా ముసుగు పోవాలె, అందుల నా పేరు పోవాలె.”

“జరిగిపోతాయమ్మా. అయ్యగారి సిద్ధాంతిగారు నువ్వు తిరిగి రావడానికి సంక్రాంతి వెళ్లాక ముహూర్తం కూడా పెట్టారు. దోషం పోతుందిట.”

అవతల భూలక్ష్మికి మళ్లీ గ్లాసులో బల్లి.

“దోషం పోవడానికా,” అంది. “మన ఇంట్ల కొత్త ఏడాది క్యాలెండర్ ఉన్నదా అమ్మా? జనవరి మొదట్ల అమావాస్య ఎప్పుడొస్తదో చూడు.”

కొమురమ్మ చుట్ట చుట్టి పెట్టిన కొత్త క్యాలెండర్ విప్పి రాములుకు చూపించింది. రాములు వేలు పెట్టి చదివి చెప్పాడు. సుబ్బరామయ్య విని, “మంగళవారం కూడానమ్మా,” అన్నాడు, చెంబు కింద పెట్టేసి.

“ఇంక మంచిది. గా రోజు వస్త. తలుపు తీస్తేనే వస్త. నా కాలు మంచిదైతే ఏ రోజైనా మంచిదే, కాకుంటే మీ ముహూర్తమేం చేస్తది?”

రావుగారు మూడు రోజులు ఆలోచించారని హిమజ చెప్పింది. నాలుగో రోజు పొద్దున అందరినీ హాల్లో నిలబెట్టారు. హిమజ ఫోను ఎత్తి పట్టుకుంది. ఏసీ మిషను వైపు చూస్తూ, చేదు మందు మింగుతున్నట్టు ఆగి ఆగి చెప్పారు. “పూజ రోజు వరస మొదటి లైన్లో శ్రీరామ అని కొట్టింది నేను. సేవ్ చేసింది శ్రీకృష్ణ. భూలక్ష్మి చేసిన తప్పేమీ లేదు. ఆ పిల్లను నేనొక మాట అన్నాను. అనకూడదు. వెనక్కి తీసుకుంటున్నాను.” శ్రీకృష్ణ తన బూట్లు చూసుకున్నాడు.

చెన్నైలో భూలక్ష్మికి సంతోషమేమీ కలగలేదు. నోట్లో పడ్డ మురుగు నీళ్లు ఉమ్మేశాక కూడా ఉండిపోయే వాసనలా ఏదో ఉండిపోయింది. ఆ మనుషుల మీద ఆమెకు మళ్లీ గౌరవం రాదు. కానీ వరస ఆమె కట్టింది. దాన్ని ఆ కుంకుమ చేతుల మధ్య వదిలేయడం ఇష్టం లేదు. సాయంత్రం ఇంటికి ఫోను చేస్తే కొమురమ్మ చెప్పింది, కాంట్రాక్టర్ వచ్చి రాములును రేపట్నుంచి సెట్‌కు రమ్మన్నాడని, ఆయన ఉలికి సాన పడుతున్నాడని. వెనక ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

స్టూడియోలో నీలం డబ్బా తీసేశారు. తాళాల గుత్తి సుబ్బరామయ్య దగ్గరే ఉంది. ఆ రోజు తలుపు తానే తీస్తానని, ఎవరు వద్దన్నా తీస్తానని మాట ఇచ్చాడు. భూలక్ష్మి వచ్చేది రెండు వేల పదకొండు జనవరి నాలుగు, మంగళవారం, అమావాస్య.